అమెరికాలో సంఘం వెతుక్కునే ముందు: కొత్తగా వచ్చిన తెలుగు క్రైస్తవులకు

ఏటా ఆగస్టులోనూ జనవరిలోనూ కొత్త విద్యార్థులు దిగగానే ఇక్కడున్న మాలాంటివాళ్ల ఫోన్లకు ఒక ప్రశ్న వస్తుంది: "అన్నా, దగ్గర్లో మంచి చర్చి ఏదైనా ఉందా?" ఒక పేరు, ఒక చిరునామా పంపి ఊరుకోవచ్చు. కానీ మొదటి ఆదివారం ఉత్సాహంగా వెళ్లి, రెండో వారానికి మానేసి, ఆరు నెలలకు ప్రార్థన కూడా వదిలేసిన పిల్లలను చూశాను. తప్పు వాళ్లది కాదు. ఇంటి దగ్గర్నుంచి మనసులో పెట్టుకుని వచ్చిన అమెరికా క్రైస్తవ్యం వేరు, ఇప్పుడు ఇక్కడ ఉన్నది వేరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మనకు తెలిసిన అమెరికా క్రైస్తవుడు మిషన్ కాంపౌండులోని దొర. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హైయర్, ఒంగోలులో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, ఆయన కాలంలో 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం పొందిన 2,222 మంది: ఈ కథలు వింటూ పెరిగాం. ఆ దొరలను పంపిన సంఘాలు నేటికీ అలాగే నిండుగా ఉంటాయని మనకొక నమ్మకం. వెళ్లి చూస్తే చాలాచోట్ల పెద్ద రాతి కట్టడంలో ముప్పై నలభై మంది తల నెరిసినవాళ్లు కూర్చుని ఉంటారు. అక్కడితో నిరాశపడి వెనక్కి రాకండి. ఆ భవనం బయట ఉన్న బోర్డును కింది దాకా చదవండి. ఉదయం పదింటికి ఇంగ్లిషు ఆరాధన, పన్నెండున్నరకు స్పానిష్, మూడింటికి తెలుగు, సాయంత్రం బర్మా నుంచి వచ్చిన చిన్ జాతివారి ఆరాధన. ఒకే పైకప్పు కింద నాలుగు సంఘాలు. పాశ్చాత్య క్రైస్తవ్యం ముఖం ఎలా మారుతోందో తెలుసుకోవడానికి ఆ ఒక్క బోర్డు చాలు.

అంకెలూ అదే చెబుతున్నాయి. ప్యూ పరిశోధన సంస్థ లెక్కల్లో 2007లో అమెరికన్లలో 78 శాతం మంది క్రైస్తవులమని చెప్పుకోగా, 2023-24 నాటికి అది 62 శాతానికి దిగింది. ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లు, అంటే బైబిలు, సిలువ, మారుమనస్సు మీద గట్టి పట్టున్నవారు, 26 శాతం నుంచి 23 శాతానికి తగ్గారు. ఈ తగ్గుదల ఇంతకన్నా ఎక్కువ లేకపోవడానికి వలస వచ్చిన కుటుంబాలు ఒక ముఖ్య కారణం. 1965లో వలస చట్టం మారాక కొరియా, ఫిలిప్పీన్స్, లాటిన్ అమెరికా, ఆఫ్రికా, మన దేశం నుంచి వచ్చినవాళ్లు తమ విశ్వాసాన్ని వెంట తెచ్చుకున్నారు. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు శాఖ సంఘాల్లో నలభై శాతానికి పైగా తెల్లవారు కానివారే. 1942 నుంచి ఉన్న జాతీయ ఇవాంజెలికల్ సమాఖ్యకు 2020 నుంచి అధ్యక్షుడిగా ఉన్న వాల్టర్ కిమ్ కొరియన్ మూలాలున్న మనిషి. కాబట్టి "తెల్లవాళ్ల చర్చికి వెళ్తున్నాను, వాళ్లు రానిస్తారో లేదో" అనే బెరుకు వదిలేయండి. ఇల్లు ఎంత వాళ్లదో అంత మీది.

బోర్డు మీద పేరు

మన ప్రాంతంలో "మీరు ఏ మిషన్?" అని అడిగితే మనిషి గురించి సగం తెలిసిపోతుంది. ఇక్కడ ఆ లెక్క కుదరదు. ఒంగోలు బాప్టిస్టు కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి టెక్సాస్‌లో బాప్టిస్టు అన్న బోర్డు చూడగానే సొంత సంఘమే అనుకుంటాడు. కానీ మనకు మిషనరీలను పంపింది ఉత్తరాది బాప్టిస్టులు. దక్షిణాదివారు బానిసత్వం విషయంలో విడిపోయి 1845లో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌గా ఏర్పడ్డారు. టెక్సాస్, జార్జియాల్లో మీకు ఎక్కువగా కనిపించేవి వారి సంఘాలే. ఆ పుట్టుకకు 1995లో వారు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. 2012లో ఫ్రెడ్ లూటర్ అనే నల్లజాతి పాస్టరును తొలిసారి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. 2006లో కోటీ అరవై లక్షలు దాటిన సభ్యుల సంఖ్య ఇప్పుడు కోటీ ముప్పై లక్షల లోపు.

గుంటూరు లూథరన్లకు ఇంకో చిక్కు. ఇక్కడి పెద్ద లూథరన్ సమాజం పేరులోనూ ఇవాంజెలికల్ అని ఉంటుంది, కానీ వాక్యం చెప్పే తీరులో, వివాహం వంటి విషయాల్లో వారి నిర్ణయాలు ఇక్కడ ఇవాంజెలికల్ అనిపించుకునే సంఘాలకు చాలా దూరం. స్త్రీలను పాస్టర్లుగా నియమించినందుకు సదరన్ బాప్టిస్టులు 2023లో శాడిల్‌బ్యాక్ వంటి మహా సంఘాన్నే తమ సహవాసం నుంచి తప్పించారు. ఏది సరైనదో నేను మీకు చెప్పబోవడం లేదు. వెళ్లే ముందు సంఘం వెబ్‌సైటులో విశ్వాస ప్రకటన చదవండి, అర్థం కానిది కాపరిని అడగండి. అడిగితే ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు.

అసలు ఏ శాఖ పేరూ లేని సంఘాలే ఇప్పుడు వేగంగా పెరుగుతున్నాయి. 2020 మత గణనలో వీటిలోని వారి సంఖ్య రెండు కోట్ల పది లక్షలు. బోర్డు మీద ఒక చిన్న ఆధునికమైన పేరు, పక్కన కాఫీ, అంతే. వీటిపై బిషప్పు గానీ సినడు అనే పాలక సభ గానీ ఉండదు. లెక్కలు ఎవరు చూస్తారు, పాస్టరు తప్పు చేస్తే ఎవరు ప్రశ్నిస్తారు, పెద్దలు ఎవరు అన్నవి ఇక్కడ తప్పనిసరిగా తెలుసుకోవాలి. పేరున్న పెద్ద సంఘాలు ఒకే మనిషి చుట్టూ పెరిగి, ఆ మనిషితోపాటే కుదేలవడం ఈ పదిహేనేళ్లలో పదేపదే జరిగింది.

లోపల ఎలా ఉంటుంది

పెద్ద సంఘమైతే పార్కింగులోనే నారింజ రంగు జాకెట్లు వేసుకున్న వాలంటీర్లు దారి చూపిస్తారు. లోపల పైకప్పుకు నల్ల రంగు, వేదిక మీద రంగు దీపాలు, తెర మీద ఆరాధన మొదలవడానికి ఎన్ని నిమిషాలుందో చూపే గడియారం. హ్యూస్టన్‌లోని లేక్‌వుడ్ సంఘమైతే 2005 నుంచి పాత బాస్కెట్‌బాల్ స్టేడియంలోనే కూడుకుంటోంది. చెప్పులు విడవనక్కర్లేదు. ఆడవాళ్లు తలమీద కొంగు వేసుకోరు, వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. స్త్రీలు ఒకవైపు, పురుషులు మరోవైపు అనే పద్ధతి లేదు. నిక్కర్లతో, చేతిలో కాఫీ కప్పుతో వచ్చి కూర్చుంటారు. చూడగానే భక్తి లేదనిపిస్తుంది. తొందరపడి తీర్పు తీర్చకండి, ఆ కాఫీ కప్పు మనిషే మోకరించి ఏడవడం కూడా చూస్తారు. పాటలు ఇరవై నిమిషాలు, వాక్యం ముప్పై అయిదు నిమిషాలు, గంటంబావుకు అంతా అయిపోతుంది. ప్రభు బల్లలో చాలాచోట్ల ద్రాక్షారసమే ఇస్తారు, ద్రాక్షసారా కాదు. పాస్టరును "అయ్యగారూ" అని పిలిచిన నోటికి పేరు పెట్టి పిలవడం కష్టం. ముందు పాస్టర్ అని చేర్చండి, అదే గౌరవం.

పిల్లలున్నవారికి ఒక ముఖ్యమైన విషయం. సండే స్కూలు గది ముందు ఒక కంప్యూటర్ ఉంటుంది. బిడ్డ పేరు నమోదు చేస్తే రెండు స్టిక్కర్లు వస్తాయి. ఒకటి బిడ్డ వీపు మీద, రెండోది మీ చేతికి, రెండింటి మీదా ఒకే నంబరు. బిడ్డ ఏడిస్తే ఆ నంబరు తెర మీద కనిపిస్తుంది. ఆరాధన అయ్యాక ఆ స్టిక్కరు చూపనిదే అమ్మమ్మకైనా బిడ్డను అప్పగించరు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు దీన్ని అవమానంగా తీసుకుంటారు. సంఘాల్లో పిల్లల మీద, స్త్రీల మీద జరిగిన లైంగిక అఘాయిత్యాలను పెద్దలే ఏళ్ల తరబడి కప్పిపుచ్చారని సదరన్ బాప్టిస్టుల గురించి 2022లో వచ్చిన నివేదిక బయటపెట్టింది. ఆ గాయం నుంచి నేర్చుకున్న జాగ్రత్తల్లో ఇదీ ఒకటి. పిల్లల గదిలో పనిచేసేవారి గత చరిత్రను పోలీసు రికార్డుల ద్వారా సరిచూడని సంఘంలో మీ బిడ్డను వదలకండి. మన తెలుగు సంఘాలకు కూడా ఇదే వర్తిస్తుంది, "మనవాళ్లే కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఆదివారం అందరూ నవ్వుతూ పలకరించి వెళ్లిపోతారు, తర్వాత ఫోన్ చేయరు. అది మర్యాద, స్నేహం ఇంకా మొదలు కాలేదు. స్నేహం వారం మధ్యలో ఎవరి ఇంట్లోనో జరిగే చిన్న కూడికలో మొదలవుతుంది. సంఘం నచ్చితే ఏదో ఒక కూడికలో చేరిపోండి. లేకపోతే ఏడాది గడిచినా మీ పేరు ఎవరికీ తెలియదు.

మనకు దగ్గరైన పరాయివాళ్లు

ఉపవాస ప్రార్థనలు, రాత్రి ప్రార్థనలు, గట్టిగా కేకలు పెట్టి చేసే విజ్ఞాపనలు లేనిదే ఆత్మకు ఆకలి తీరదనుకునేవారు ఒకసారి కొరియన్ సంఘానికి వెళ్లి చూడండి. తెల్లవారుజామున అయిదున్నరకే ప్రార్థన మొదలవుతుంది. 1907 నాటి ప్యాంగ్యాంగ్ ఉజ్జీవ కాలం నుంచి వారికి ఆ అలవాటు. ఇంగ్లిషు ఆరాధన కూడా చాలా సంఘాల్లో ఉంది, తర్వాత అన్నం పెట్టి పంపుతారు. నైజీరియా సంఘాల్లో మన పెంతెకొస్తు కూడికల వేడి దొరుకుతుంది. లండన్, మాంచెస్టర్ వైపు నర్సు ఉద్యోగాలకు వెళ్లేవారికి ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 జనగణనలో క్రైస్తవులు తొలిసారి సగానికి తగ్గి 46 శాతమయ్యారు. అదే కాలంలో 1952లో నైజీరియాలో పుట్టిన రిడీమ్డ్ చర్చి అక్కడ వందల సంఘాలు స్థాపించింది. ఒకప్పుడు మిషనరీలను పంపిన దేశానికి ఇప్పుడు మిషనరీలు వస్తున్నారు. వాళ్ల పక్కన నిలబడి ఆరాధించడం మనకు గర్వకారణం.

నల్లజాతి సంఘాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బైబిలు మీద, సిలువ మీద, మారుమనస్సు మీద వారికున్న నమ్మకం ఏ ఇవాంజెలికల్‌కూ తీసిపోదు. అయినా వారిలో చాలామంది ఆ పేరు తమకు వద్దంటారు. కారణం రాజకీయం. 2016, 2020, 2024 ఎన్నికల్లో తెల్లజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో పదింట దాదాపు ఎనిమిది మంది ట్రంప్‌కే ఓటు వేశారు. వార్తల్లో ఆ పదం వినిపిస్తే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది ఓటే. మీరు "నేను ఇవాంజెలికల్‌ని" అని తరగతిలో చెబితే ఎదుటివాళ్లు మీ విశ్వాసం కాదు, మీ పార్టీ ఏమిటో తెలిసిందనుకుంటారు. యేసును నమ్ముకున్న క్రైస్తవుణ్నని చెప్పండి, చాలు.

సంఘంలో కూడా ఈ ఇబ్బంది ఎదురవుతుంది. విశ్వవిద్యాలయాల దగ్గరి ఎన్నో సంఘాలు విదేశీ విద్యార్థులకు విమానాశ్రయం నుంచి కారు ఏర్పాటు చేస్తాయి, ఉచితంగా మంచం, బల్ల, గిన్నెలు ఇస్తాయి. ఆ మంచం మోసుకొచ్చిన పెద్దాయనే వలసలు ఆపాలని ఓటు వేసి ఉండవచ్చు. రెండూ నిజమే. మంచం తీసుకుని మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెప్పండి, కొన్నాళ్లకు మీ వీసా కష్టాలు కూడా ఆయనకు చెప్పండి. టీవీ చెప్పలేనిది అలా చెప్పగలుగుతారు. వారం వారం వేదిక మీది నుంచి అభ్యర్థి పేరు, శత్రువుల పేర్లు తప్ప క్రీస్తు పేరు వినిపించని చోట మాత్రం ఉండకండి.

తెలుగు సంఘం

పెద్ద నగరాల్లో తెలుగు ఆరాధన సాధారణంగా మధ్యాహ్నం అద్దె హాలులో జరుగుతుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి నాలుగు నెలల తర్వాత నలుగురితో కలిసి పాడినప్పుడు ఏమవుతుందో పాడితేనే తెలుస్తుంది. ఊళ్లో నాన్న పోయారని కబురొచ్చి, వీసా స్టాంపింగు కుదరక వెళ్లలేని రాత్రి, అన్నం కూర పట్టుకుని మీ గదికి వచ్చేది వీళ్లే. అందుకే నెలకు ఒకటి రెండుసార్లైనా వెళ్లండి.

అయితే ఇంటిపేరు, ఊరు, పేట ఆరా తీసి మనుషులను బేరీజు వేసేవాళ్లు ఇక్కడా ఉన్నారు. అంటరానితనం నుంచి బయటపడ్డ తాతముత్తాతల పిల్లలం మనం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అవసరం మీకు లేదు, ఆ ప్రశ్న మీరు మరొకరిని అడగకండి. ఇంకొకటి డబ్బు. విద్యా రుణం మీ ఆదాయం కాదు, దాని మీద దశమభాగం ఇమ్మని ఒత్తిడి చేసేవారి మాట వినకండి. కీబోర్డు, తబలా వచ్చినవారిని సంఘాలు వెంటనే పట్టుకుంటాయి. వాయించండి. కానీ ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉండగా దానికి జీతం తీసుకోకండి, అది అనుమతి లేని ఉద్యోగం కింద లెక్క. కానుక అని కవరులో పెట్టి ఇచ్చినా సున్నితంగా తిప్పి ఇవ్వండి.

సెలవులు

గుడ్ ఫ్రైడే చాలా కార్యాలయాలకు సెలవు కాదు, ముందే సెలవు పెట్టుకోండి. డిసెంబరు 25 ఉదయం కొత్త బట్టలు వేసుకుని వెళ్తే తలుపులకు తాళం కనిపిస్తుంది. ఎక్కువ సంఘాలు 24 సాయంత్రమే కొవ్వొత్తుల ఆరాధన పెట్టి, పండుగ రోజును కుటుంబాలకు వదిలేస్తాయి. తెలుగు సంఘంలో ఆ రోజు ఆరాధన ఉందేమో కనుక్కోండి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన లేకుండా కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టడం మనవాళ్లకు ఊహకు కూడా అందదు. తెలుగు సంఘం అందుబాటులో లేకపోతే నల్లజాతి సంఘానికి వెళ్లండి. 1862 డిసెంబరు 31 రాత్రి, బానిస విమోచన ప్రకటన మర్నాడు అమల్లోకి వస్తుందని తెలిసి, వారి పూర్వీకులు మేలుకుని ప్రార్థిస్తూ ఎదురుచూశారు. నేటికీ ఎన్నో సంఘాల్లో ఆ జాగరణ సాగుతోంది. సాధారణంగా రాత్రి పదింటికి మొదలై, అర్ధరాత్రి మోకాళ్ల మీద ప్రార్థనతో సంవత్సరం మారుతుంది. సమయం ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ వేళలో చాలా ఊళ్లలో బస్సులు దొరకవు, తిరిగి రావడానికి కారున్నవాళ్లెవరితోనైనా ముందే మాట్లాడి పెట్టుకోండి.