బండితో కొండదారి – 6వ పాఠం: క్లచ్ తాకే చోటు, బండి కదిలే చోటు

పోయిన పాఠంలో చదునైన నేల మీద బైటింగ్ పాయింట్ (క్లచ్ పెడల్ వదులుతుంటే పట్టు మొదలయ్యే చోటు) వెతకమన్నాను. దొరికిందని సంతోషంగా రాసినవాళ్లే, ఎత్తు ఎక్కబోయేసరికి ఇంజిన్ ఆగిపోయిందని మళ్లీ రాశారు. కింద దొరికిన చోటు వాలు మీద మాయమైందట. కొందరైతే క్లచ్ ప్లేటు అరిగిపోయిందనుకుని మార్పించడానికి సిద్ధపడ్డారు. తొందరపడకండి. ఈసారి చెప్పాల్సిన బురద పాఠాన్ని వాయిదా వేసి దీని సంగతే తేల్చుకుందాం.

ఆ చోటు ఎక్కడికీ పోలేదు. పెడల్ పైకి వస్తుంటే క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌ను, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని, తాకే చోటు ఒకటి, బండి కదిలే చోటు మరొకటి. చదునైన నేల మీద కొద్దిపాటి బలానికే బండి కదులుతుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి. వాలు మీద బండి బరువు వెనక్కి లాగుతుంది. ప్లేటు తాకేది పాత చోటే అయినా, కదలడానికి చాలినంత బలం చక్రాలకు అందాలంటే పెడల్ ఇంకాస్త పైకి రావాలి, ఇంజిన్ కూడా ఆ బరువుకు తట్టుకోవాలి. మీ ఇంజిన్ ఆగిపోయింది ఆ మధ్య దూరంలోనే.

అందుకే పెడల్ ఎత్తును కాలితో బట్టీ పట్టకండి, చెవితో పట్టుకోండి. పాటలు ఆపి అద్దం దించండి. ప్లేటు తాకగానే ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ అంచు రవ్వంత లేస్తుంది. పాదం అక్కడ ఒక్క క్షణం నిలవాలి. కొందరు ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే టాకోమీటర్ ముల్లు చూస్తారు. నేను చూడను, చూపు దారి మీదే ఉండాలి. మందపాటి అడుగున్న బూట్లు కూడా నాకు నచ్చవు. వాటితో పెడల్ వణుకు పాదానికి తెలియదు.

ఇక లో రేంజ్, అంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే అదనపు గేరు అమరిక. ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామంది దాన్ని వాడనేలేదు, బండి ఇరుక్కున్నప్పుడు మాత్రమే వేయాలనుకున్నారు. సుజుకి జిమ్నీలో లో రేంజ్ నిష్పత్తి దాదాపు 2, జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో 4. అంటే అదే గేరులో, అదే వాలు మీద క్లచ్ మోయాల్సిన బలం సగానికో పావుకో పడిపోతుంది. తాకే చోటు, కదిలే చోటు మళ్లీ దగ్గరపడతాయి. ఎత్తు కనబడితే ముందే లో రేంజ్ వేసుకోండి, సగం కష్టం అక్కడే తీరుతుంది.

ఇప్పుడు నాకు అసలు గిట్టని అలవాటు గురించి. వాలు మీద బ్రేకు వదిలేసి, హాఫ్ క్లచ్‌తో, అంటే పెడల్ సగం వదిలి, బండిని కదలకుండా నిలబెట్టడం. చూసేవాళ్లకు గొప్ప నైపుణ్యంలా ఉంటుంది. లోపల ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. 1800 కిలోల బండి, 15 డిగ్రీల వాలు, హై రేంజ్ (లో రేంజ్ వేయని మామూలు స్థితి) మొదటి గేరు. దాన్ని నిలబెట్టాలంటే మామూలు గేర్ నిష్పత్తులతో క్లచ్ దాదాపు 100 న్యూటన్ మీటర్ల తిప్పే బలం (టార్క్) మోయాలి. ఇంజిన్ 1500 ఆర్‌పీఎంలో తిరుగుతోంది, చక్రాలు తిరగడం లేదు. ఆ శక్తి అంతా రాపిడిలో వేడిగా మారుతుంది, సుమారు 16 కిలోవాట్లు. 2 కిలోవాట్ల నీళ్ల హీటర్లు ఎనిమిదింటిని ఒక్క పళ్లెమంత ప్లేటు మీద పెట్టినట్టు! అర నిమిషంలో మాడు వాసన మొదలవుతుంది. వేడెక్కిన ప్లేటుకు పట్టు చోటు మారుతుంది, పట్టు కూడా తగ్గుతుంది. దాంతో మీరు యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతారు, వేడి ఇంకా పెరుగుతుంది. రాళ్ల మీద అంగుళం అంగుళం జరిపేటప్పుడు పాదాన్ని పెడల్ మీదే ఉంచేవాళ్లదీ ఇదే కథ. బండిని ఆపడానికి బ్రేకు ఉంది, నిలబెట్టడానికి హ్యాండ్ బ్రేక్ ఉంది. క్లచ్ పని కలపడం, విడదీయడం. కలిసిన తర్వాత ఎడమ పాదం నేల మీద ఉండాలి. పెడల్ పక్కన కాదు, నేల మీద.

నిజంగా బండిలోనే తేడా ఉంటే గుర్తుపట్టడం తేలికే. పెడల్‌ను రెండుసార్లు కొడితే పట్టు పైకి వస్తోందంటే క్లచ్ ఆయిల్‌లో గాలి చేరి ఉండవచ్చు, లేదా పెడల్ తొక్కితే ఆ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ బలహీనపడి ఉండవచ్చు. పై గేరులో గట్టిగా తొక్కితే వేగం పెరగకుండా ఇంజిన్ మాత్రం అరుస్తుంటే ప్లేటు జారుతోంది. కేబుల్ క్లచ్ అయితే ప్లేటు అరిగేకొద్దీ పట్టు పైకి జరుగుతుంది. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ చాలావరకు తనంతట తనే సర్దుకుంటుంది కాబట్టి అరుగుదల పెడల్ ఎత్తులో కనబడదు.

సాధన. ఖాళీ స్థలంలో అరచేతి వెడల్పంత ఎత్తున్న గట్టి దుంగను పెట్టి, రెండువైపులా చెక్క ముక్కలతో కదలకుండా బిగించండి. బండి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. లో రేంజ్, మొదటి గేరు. ముందు చక్రాన్ని దుంగ మీదికి ఎక్కించి, సరిగ్గా పైన ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, మళ్లీ బయలుదేరి అవతలికి దించాలి. యాక్సిలరేటర్ ముట్టకూడదు. బండి దుంగ మీది నుంచి దభీమని పడితే అది లెక్కలోకి రాదు. పది సార్లు ముందుకు, పది సార్లు రివర్స్‌లో. వాసన వస్తే బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, పావుగంట చల్లారనివ్వండి. రివర్స్‌లో పది పూర్తికాకపోతే 7వ పాఠం తెరవవద్దు. అందులో ఎత్తు మధ్యలో ఇంజిన్ ఆగితే వెనక్కి దిగడం గురించి చెబుతాను, అక్కడ మొదటి అడుగు నుంచీ పని రివర్స్ గేరుతోనే.