ఇల్లు చూసే ముందు ఏరియా చూడండి

పెద్ద సిటీలో ఇల్లు వెతికేటప్పుడు చాలామంది సెలవురోజు తీరిగ్గా వెళ్లి చూసొస్తారు. సెలవురోజు ఏ వీధైనా ప్రశాంతంగానే ఉంటుందండీ. పనిరోజు, మీరు మామూలుగా బయల్దేరే టైమ్‌కే, ఆ ఇంటి గేటు దగ్గర మొదలుపెట్టి ఆఫీసులో మీ సీటు దాకా వెళ్లండి, సాయంత్రం అదే దారిలో వెనక్కి రండి, బస్సు కోసం నిలబడ్డ టైమ్, పార్కింగ్ కోసం తిరిగిన టైమ్ కూడా లెక్కలో వేసుకోండి. ఆఫీసుకు దగ్గర్లో ఉండే ఇంటితో పోలిస్తే ఒక్కో వైపు 45 నిమిషాలు ఎక్కువ పట్టిందంటే, 22 పనిరోజులకు నెలకు 33 గంటలు రోడ్డు మీదే పోతాయి. అద్దెలో మిగిలేదాంట్లోంచి అదనపు ప్రయాణ ఖర్చు తీసేసి, మిగతాది 33తో భాగించండి. గంటకు వచ్చే ఆ మొత్తం చూశాక కూడా సరే అనిపిస్తే దూరం వెళ్లండి. అద్దె తక్కువని వెళ్లి, రోజూ పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రాత్రి పదకొండు దాటాక మళ్లీ వెళ్లండి. వీలైతే బెడ్‌రూమ్ కిటికీ తెరిచి ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. రాత్రిపూట ఇంటి బయట ట్రాఫిక్ శబ్దం సగటున 45 డెసిబెల్స్ లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మెయిన్ రోడ్డు పక్కన అంత నిశ్శబ్దం దొరకడం కష్టం, అందుకే రెండు వీధులు లోపలికి చూసుకోవడం మంచిది. వీధి లైట్లు వెలుగుతున్నాయా, ఆ టైమ్‌లో ఆడవాళ్లు ఒంటరిగా నడిచి వెళ్తున్నారా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

నీళ్లు నిలిచే ఏరియానా కాదా అన్నది వాన లేనప్పుడు కూడా కనిపెట్టొచ్చు. ప్రహరీ గోడల మీద నేలకు జానెడు ఎత్తులో ఒకే గీతలా మట్టి మరక ఉందా, షాపుల షట్టర్లు అడుగున మాత్రమే తుప్పు పట్టాయా, గేట్ల ముందు కొత్తగా గట్టు కట్టారా అని చూడండి. బ్రోకర్‌ని అడిగి లాభం లేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఏళ్లుగా ఉంటున్నవాళ్లని అడగండి, అది కూడా “నీళ్లొస్తాయా” అని కాదు, “పోయినసారి ఎంతవరకు వచ్చాయి” అని.

మందుల షాపు, కూరగాయలు, బస్టాపు పది నిమిషాల నడకలో, అంటే దాదాపు 800 మీటర్లలో ఉంటే చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనే ఆ దారిలో నడిపించి చూడండి.

కొనే ఉద్దేశమైతే, అదే ఏరియాలో ఒక వానాకాలం దాటేదాకా అద్దెకుండి, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.