చేనేత, హస్తకళల మేళాకు దరఖాస్తు – నాలుగో పాఠం: ఫొటోలో పేరు ఉండకూడదు

మూడో పాఠం చదివి మీరు తీసిన ఫొటోలన్నీ చూశాను. ఈసారి స్టాల్ అమరిక గురించి రాయాలనుకున్నాను గాని దానిని వచ్చే పాఠానికి జరుపుతున్నాను, ఎందుకంటే పని ఎంతో బాగున్నా ఆ ఫొటోలు చాలావరకు, మేళాకు ఎవరిని తీసుకోవాలో నిర్ణయించే జ్యూరీ ముందుకు వెళ్లే స్థితిలో లేవు. ఇందులో కొంత తప్పు నాది. సాదా గుడ్డ ముందు పెట్టి తీయమన్నానే గాని, ఏ రంగు గుడ్డో, ఎక్కడ నిలబడి తీయాలో చెప్పలేదు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు దాదాపు అందరూ వాటిని నేల మీద పరిచి, ఒక చివర నిలబడి తీశారు. అలా తీస్తే దగ్గరి అంచు వెడల్పుగా, దూరపు అంచు సన్నగా పడుతుంది. పేకను, అంటే అడ్డపు నూలును, పంజా అనే దువ్వెనలాంటి పనిముట్టుతో ఒక్క తీరుగా కొట్టి, అంచును చివరిదాకా తిన్నగా నిలిపిన నేత కూడా చూసేవారికి వంకరగా కనిపిస్తుంది. జంపఖానాను గోడకు నిలువుగా వేలాడదీసి, ఫోనును దాని నడిమి ఎత్తులో పట్టుకొని, మొత్తం పట్టేదాకా వెనక్కి జరిగి తీయండి. ఇక గుడ్డ విషయానికొస్తే, తెల్ల దుప్పటి ముందు పెట్టిన వస్తువును ఫోను తనంతట తానే చీకటిగా మారుస్తుంది. చెర్యాల బొమ్మల పటాల్లోని ఎరుపు మీ ఫొటోల్లో ఇటుకపొడిలా మారడానికి కారణం అదే. నేను బూడిదరంగు దుప్పటి తప్ప మరొకటి వాడను, ఉదయం ఎనిమిది నుంచి పది గంటల మధ్య ఎండ నేరుగా పడని వసారాలో తప్ప మరోచోట తీయను. ఫ్లాష్ అసలే వద్దు. దరఖాస్తులో పేరు, చిరునామా, బ్యాంకు వివరాలు నింపడం మీకు తెలిసిన పనే కాబట్టి దానిని వదిలేస్తున్నాను.

అసలు చెప్పవలసింది పేరు గురించి. జ్యూరీ ఉన్న కొన్ని మేళాల్లో దరఖాస్తుదారుకు ఒక సంఖ్య మాత్రమే ఇస్తారు, న్యాయనిర్ణేతలు ఎవరికి వారు మార్కులు వేస్తారు, ఆ మార్కులను కలిపి ఎంపిక చేస్తారు. పనిని చూడాలి గాని మనిషిని చూడకూడదన్నది ఆ పద్ధతికి ప్రాణం. అందుకే ఫొటోలో మీ పేరు ఏ రూపంలో కనిపించినా దరఖాస్తును తిరస్కరించే అధికారం నిర్వాహకులకు ఉంటుందని ఇలాంటి మేళాల నియమాల్లో తరచుగా రాసి ఉంటుంది. మూడో పాఠంలో ఈ సంగతి రెండుసార్లు రాశాను. అయినా ఫొటో మూలన ఫోను నంబరు వేసినవారు ఉన్నారు. పటం కింద దాన్ని గీసిన నకాషీ చిత్రకారుడి సంతకాన్ని అలాగే ఉంచినవారు ఉన్నారు. స్టాల్ ఫొటోలో కుటుంబం పేరున్న బ్యానరు, గోడ మీద వరుసగా సన్మాన పత్రాలు, వెండి తీగ పని చేసిన పెట్టె పక్కన దుకాణం కార్డు కనిపించాయి. కొందరు ఫొటోను శుభ్రంగా తీసి, ఫైలుకు మాత్రం తమ ఇంటి పేరు పెట్టారు. పెంబర్తి ఇత్తడి పళ్లేనికి ఎంత మెరుగు పెట్టారంటే, ఫోను పట్టుకొని నిలబడ్డ కళాకారుడి ముఖం అందులో స్పష్టంగా పడింది. అది కూడా పేరు రాసినట్టే. పళ్లేన్ని కాస్త పక్కకు తిప్పి, ఎదురుగా లేత రంగు గుడ్డను అడ్డం కడితే ఆ నీడ పోతుంది.

పేరు వేయకపోతే డిజైను ఎత్తుకుపోతారన్న భయం మీకు ఉందని నాకు తెలుసు. ఆ భయం అకారణం కాదు, ఆ దెబ్బ నేనూ తిన్నాను. కాని మూలన వేసిన పేరును కత్తిరించడం దొంగకు క్షణం పని, ఆ పేరు వల్ల అవకాశం పోయేది మాత్రం మీకే. అసలు ఫొటోలను, గీసిన నమూనా కాగితాలను తేదీ వేసి దాచుకోండి. దరఖాస్తుకు పంపే ప్రతిని మాత్రం పేరు లేకుండా ఉంచండి. హస్తకళల వారి పెహచాన్ కార్డు, మగ్గం వారి నేత గుర్తింపు కార్డు అడిగితే వాటికి వేరే గడి ఉంటుంది, అక్కడే జతచేయాలి. వరంగల్ దరీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ) సంగతినీ వివరణలో రాయండి గాని, ఆ ముద్రను ఫొటో మీద అతికించకండి. అది ఒక ప్రాంతపు పనికి దక్కిన గౌరవం. ఆ జంపఖానాను మీ చేయి ఎలా నేసిందో జ్యూరీ చూడాలి.

ఇంకొక చిన్న మాట: ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే వాటి పరిమాణం తగ్గి, పడుగు పేకలు కలిసిపోయినట్టు కనిపిస్తాయి. డాక్యుమెంటుగా పంపండి.

ఈసారి అభ్యాసం బరువైనదే. వరుసగా మూడు ఉదయాలు, రోజుకు పదిహేను చొప్పున ఫొటోలు తీసి, మొత్తం నలభై ఐదింటిలో ఐదే మిగల్చండి. ఆ ఐదింటిలో ఒకటి వస్తువును దగ్గరగా చూపాలి, ఒకటి మగ్గం మీదో పనిముట్ల మధ్యో మీ చేతులను మాత్రమే చూపాలి. న్యాయనిర్ణేతలు తరచుగా అన్నింటినీ ఒకే తెర మీద పక్కపక్కన చూస్తారు కాబట్టి, మీరూ అలాగే పేర్చి, మీ పని ఎరుగని ముగ్గురికి చూపి రెండు ప్రశ్నలు అడగండి: ఇవన్నీ ఒకే మనిషి చేసినట్టున్నాయా? ఆ మనిషి ఎవరో ఎక్కడైనా తెలుస్తున్నదా? మొదటి ప్రశ్నకు ముగ్గురిలో ఒక్కరు కాదన్నా, రెండోదానికి ఒక్కరు అవునన్నా, వారు వేలు పెట్టి చూపిన ఫొటోను పక్కన పెట్టేసి, నాలుగో ఉదయం మళ్లీ తీయండి. స్టాల్ అమరిక పాఠం మొదలుపెట్టేసరికి ఆ ఐదు ఫొటోలు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే స్టాల్‌లో ఏ వస్తువు ఎక్కడ నిలవాలో వాటిని చూసే నిర్ణయిస్తాం.