కాన్సులేట్ వాళ్లు కలవడానికి వస్తున్నారా? ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు ముందే చూసుకోవాల్సినవి

బోనాలు, మొహర్రం, వినాయక నిమజ్జనం, మిలాద్ దగ్గరపడినా, ఎన్నికల వేడి మొదలైనా హైదరాబాద్‌లోని విదేశీ దౌత్య కార్యాలయాల (కాన్సులేట్ల) నుంచి ప్రజాప్రతినిధులకు పిలుపులు రావడం మామూలే. మీ ప్రాంతంలో మతసామరస్యం ఎలా ఉందో తెలుసుకుంటాం అంటారు. కలవడంలో తప్పేమీ లేదు. కానీ తయారీ లేకుండా కూర్చుంటే ఒక్క మాట బస్తీ దాటి ఢిల్లీ దాకా, అక్కడి నుంచి ఇంకో దేశ రాజధాని దాకా పోతుంది.

ముందు ఎవరొస్తున్నారో తేల్చుకోండి. పేరు, హోదా, ఎంతమంది, ఏ విషయం, ఎంతసేపు అన్నవి ఈమెయిల్‌లో రాయించుకోండి. ఇక్కడ అమెరికా (2023లో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది), ఇరాన్, తుర్కియే, యూఏఈలవి కాన్సులేట్లు. బ్రిటన్‌ది మాత్రం డిప్యూటీ హైకమిషన్. ఎదుట ఉన్నది రాయబారి కాదు కాబట్టి వేదిక మీద 'అంబాసిడర్ గారు' అని పిలవకండి. రాష్ట్ర ప్రోటోకాల్ విభాగానికి, నగరంలోనే ఉన్న విదేశాంగ శాఖ బ్రాంచి సచివాలయానికి, పార్టీ ఆఫీసుకు ముందే సమాచారం ఇవ్వండి. రేపు ఎవరైనా 'రహస్య భేటీ' అంటే ఆ కాగితమే మీకు అండ.

వచ్చిన వాళ్లలో సాధారణంగా ఒకరు మాట్లాడతారు, ఇంకొకరు రాసుకుంటారు. ఆ రాత నివేదికగా వాళ్ల రాజధానికి పోతుంది. 2010లో వికీలీక్స్ రెండున్నర లక్షల అమెరికా దౌత్య సందేశాలను బయటపెట్టడం మొదలుపెట్టాక, మన నాయకులు నాలుగు గోడల మధ్య అన్న మాటలు పేర్లతో సహా పత్రికలకెక్కాయి. అందుకే 'ఇది మన మధ్యే ఉండనీయండి' అని చెప్పాల్సిన మాటైతే అసలు చెప్పకండి. మీ వైపు నుంచి కూడా ఒకరు కూర్చుని రాసుకోవాలి. దుబాసీ అవసరమైతే మీ మనిషినే పెట్టుకోండి.

విదేశాంగం జోలికి పోకండి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితాలో 10వ అంశం అది. 2021 మేలో ఢిల్లీ ముఖ్యమంత్రి 'సింగపూర్ రకం' కరోనా అని ట్వీట్ చేస్తే సింగపూర్ మన హైకమిషనర్‌ను పిలిపించింది. ఆయన భారత్ తరఫున మాట్లాడలేదని విదేశాంగ మంత్రే ప్రకటించాల్సి వచ్చింది. 2022 జూన్‌లో, ప్రవక్తపై టీవీ చర్చలో వచ్చిన వ్యాఖ్యల మీద ఖతర్, కువైట్, ఇరాన్ మన రాయబారులను పిలిపించాయి. గల్ఫ్‌లో మన జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వాళ్లు ఎంతమంది బతుకుతున్నారో తెలిసిన నాయకుడు ఇలాంటి చోట నోరు జారకూడదు. గాజా గురించో పాకిస్తాన్ గురించో అడిగితే 'అది కేంద్ర ప్రభుత్వం చెప్పాల్సిన విషయం' అని ఒక్క వాక్యంలో ముగించి, మీ జనం సమస్యకు రండి. రాని జీతాలు, మృతదేహాల తరలింపులో జాప్యం, విద్యార్థుల వీసా అపాయింట్‌మెంట్లు: ఇవి అడగదగ్గవి. ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఒక్కొక్కరి కేసును మాత్రం విదేశాల్లోని మనవాళ్ల ఫిర్యాదుల కోసం విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లోనే పెట్టించండి.

ఇక మత సహనం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 'మా దగ్గర ఏ గొడవా లేదండీ' అనకండి. వాళ్లు పత్రికలు చదివే వస్తారు, ఆ మాటతో మీ మిగతా మాటల విలువా పోతుంది. అలాగని ఎదుటి పార్టీ మీదో, ఇంకో మతం మీదో చాడీలు చెప్పకండి. ఇంటి తగవును పరాయివాళ్ల ముందు పెట్టుకుని తీర్పు అడిగినట్టుంటుంది. పైగా ఆతిథ్య దేశ అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదని 1963 వియన్నా ఒప్పందం 55వ అధికరణం కాన్సులేట్ అధికారులకే చెబుతోంది. జరిగినది జరిగినట్టు, దాన్ని ఎలా సర్దారో చెప్పండి. 2023 సెప్టెంబర్ 28న నిమజ్జనం, మిలాద్ (ప్రవక్త జన్మదినం) ఒకే రోజు పడ్డాయి. మిలాద్ నిర్వాహకులు ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. మీ వార్డులో శాంతి కమిటీలో ఎవరున్నారు, మైకుల సమయం ఎవరు కుదిర్చారు, ఊరేగింపు ఏ సందు నుంచి మళ్లించారు వంటి వివరాలు పది ఉపన్యాసాల పెట్టు. కోర్టులో ఉన్న కేసులు, బాధితుల పేర్లు ఎత్తకండి. చేతిలో కాగితం లేకుండా లెక్కలు చెప్పకండి.

అమెరికా వాళ్లొస్తే మత స్వేచ్ఛ నివేదిక మాట వస్తుంది. అమెరికా విదేశాంగ శాఖ ఏటా ఇచ్చే నివేదిక వేరు, సిఫార్సులు మాత్రమే చేసే యూఎస్‌సీఐఆర్ఎఫ్ (అంతర్జాతీయ మత స్వేచ్ఛపై అమెరికా కమిషన్) వేరు. రెండింటినీ కలిపేసి వాదనకు దిగకండి, దాని జవాబు ఢిల్లీ చూసుకుంటుంది.

డబ్బు దగ్గర చట్టం గట్టిది. 2010 విదేశీ విరాళాల చట్టంలో 'చట్టసభ' అంటే మున్సిపాలిటీ, పంచాయతీ కూడా. అంటే కార్పొరేటర్‌కూ వర్తిస్తుంది. మూడో సెక్షన్ ప్రకారం చట్టసభ సభ్యులు, అభ్యర్థులు, పార్టీలు విదేశీ విరాళం తీసుకోకూడదు. కాబట్టి గుడికో దర్గాకో మరమ్మతు నిధులు అడగడం అసలే వద్దు. వాళ్ల ఖర్చుతో విదేశీ పర్యటనకు పిలిస్తే ఆరో సెక్షన్ కింద ముందే కేంద్రం అనుమతి కావాలి. అందుకు దరఖాస్తు అయిన ఎఫ్‌సీ-2 ఫారం ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఆన్‌లైన్‌లో పెట్టాలి.

ఏర్పాట్ల సంగతి. శుక్రవారం మధ్యాహ్నం, రంజాన్ పగటిపూట విందులు పెట్టుకోకండి. శాకాహారం బల్ల వేరుగా ఉంచి పేర్లు రాయండి. రెండు జెండాలు పెడితే మనది చూసేవాళ్లకు ఎడమవైపు రావాలి. బొట్టు పెట్టే ముందు అడగండి. మక్కా మసీదుకో ఉజ్జయిని మహంకాళి గుడికో తీసుకెళ్తుంటే అక్కడి వాళ్లకు, పోలీస్ స్టేషన్‌కు ముందురోజే చెప్పండి. ముత్యాల హారాల వంటి ఖరీదైన కానుకలు వద్దు, పోచంపల్లి కండువా చాలు.

వాళ్లు వెళ్లాక ఫొటో పెట్టడానికి తొందరపడకండి. పోస్టులో ఏం రాయాలో వాళ్లతో ముందే ఒప్పుకోండి. మీరన్నది రాసుకోండి, వాళ్లన్నది రాయకండి. 'అమెరికా మమ్మల్ని మెచ్చుకుంది' అని పెడితే ఖండన వస్తుంది. అదే రాత్రి మీ నోట్‌ను తేదీ, హాజరైనవారి పేర్లతో శుభ్రంగా టైప్ చేయించి, ఒక ప్రతి పార్టీకి పంపి ఇంకొకటి ఫైల్లో పెట్టండి. ఎవరైనా మీ మాటను వక్రీకరిస్తే అందులోంచి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు విడుదల చేయండి, కొత్తగా ఒక్క పదం కలపకుండా.