కంది గింజలో కాపలా – 3వ పాఠం: ఒక్క అక్షరం తేడాను చదవడం

పోయిన పాఠంలో గుణుపురం సంతలో రెండు రకాల కందులు కొని, పొట్లాలు కట్టి, ఏ కొండ మీద పండినవో అడిగి రాసుకోమన్నాను. వాటిని పక్కన పెట్టండి. ఈసారి కాగితం, పెన్సిలు చాలు. బడిలో ఒడియాలో చదువుకున్న మన పిల్లలకు ఈ మాటలు తెలుగులో కూడా అందాలని నా ఆశ.

కంది కాయను తొలిచే శనగపచ్చ పురుగు తిన్న ప్రోటీన్‌ను ముక్కలు చేసుకోవడానికి ట్రిప్సిన్ లాంటి ఎంజైములు వాడుకుంటుంది. గింజలోని నిరోధక ప్రోటీన్ వెళ్లి సరిగ్గా ఆ కోసే చోటే అతుక్కుంటుంది. పురుగుకు తిండి ఒంటబట్టదు. (మనం ఉడికించి తింటాం కాబట్టి ఆ నిరోధకం చాలావరకు పోతుంది.)

సాధనకు సోయాచిక్కుడులోని బౌమన్-బర్క్ నిరోధకాన్ని తీసుకుందాం. దానిలో 71 అమైనో ఆమ్లాలున్నాయి (ప్రోటీన్ అనే గొలుసులో పూసలు ఇవే). 16వది లైసిన్, అది ట్రిప్సిన్‌ను పడుతుంది. 43వది ల్యూసిన్, అది ప్రోటీన్‌ను కోసే మరో ఎంజైము కైమోట్రిప్సిన్‌ను పడుతుంది. ఒకే ప్రోటీన్‌కు రెండు చేతులన్నమాట!

లైసిన్‌కు జన్యువులో ఒక రాత ఏఏఏ (జన్యువు ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాల రాత; ఒక్కో అమైనో ఆమ్లానికి మూడక్షరాలు). నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇప్పుడు ఒక్కోసారి ఒక్క ఏ తీసి జీ పెడదాం.

మూడో అక్షరం మారితే ఏఏజీ. అదీ లైసినే, ప్రోటీన్‌లో ఏ మార్పూ లేదు.
రెండోది మారితే ఏజీఏ, అంటే ఆర్జినిన్. ట్రిప్సిన్ ఆర్జినిన్ దగ్గర కూడా కోస్తుంది కాబట్టి పట్టు ఉంటుంది.
మొదటిది మారితే జీఏఏ, గ్లుటామిక్ ఆమ్లం. ఆ చేయి ట్రిప్సిన్‌ను పట్టలేదు.

మారింది మూడుసార్లూ ఒకే అక్షరం, ఫలితాలు మాత్రం మూడు రకాలు. రెండు రకాల విత్తనాల జన్యువులను పోల్చేటప్పుడు కొత్తవాళ్లు తేడాలు ఎన్నో లెక్కపెట్టి ఆగిపోతారు. ఎక్కడున్నాయో ముందు చూడండి. పట్టుకునే చోట ఉన్న ఒక్క తేడా మిగతా చోట్ల ఉన్న పది తేడాలకన్నా ముఖ్యం కావచ్చు.

ఇంత వివరంగా ఎందుకంటే, ఈ పురుగు మొండిది. ఒక నిరోధకం తగిలితే, దానికి లొంగని వేరే ఎంజైములు తయారుచేసుకుంటుంది. అందుకే కందికి అడవి చుట్టాలైన మొక్కల్లోని నిరోధకాలనూ పరిశోధకులు వెతుకుతున్నారు. మన కొండవాలు పొలాల పాత రకాలనూ వదలకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంటిపని: 43వ ల్యూసిన్‌ను సీటీటీ అని రాసుకోండి. మొదటి అక్షరాన్ని టీగా, తర్వాత విడిగా రెండోదాన్ని సీగా మార్చండి. కోడాన్ పట్టికలో (ఏ మూడక్షరాలకు ఏ అమైనో ఆమ్లమో చూపే పట్టిక) ఏమొచ్చిందో చూసి, కైమోట్రిప్సిన్ పట్టు ఏ మార్పులో నిలుస్తుందో కారణంతో సహా రాయండి. 4వ పాఠం ఆ జవాబుతోనే మొదలుపెడతాను.