కరెంటు బిల్లు తగ్గించుకుని సూర్యఘర్ సబ్సిడీ తీసుకోవడం ఎలా? ముందు బిల్లు మీద పేరు చూడండి

పీఎం సూర్యఘర్ అంటే ఇంటి డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం. సోలార్ పెట్టించుకుంటాం, ఒకసారి ఇంటికి రండి అని ఎవరైనా పిలిస్తే నేను వెళ్లగానే డాబా ఎక్కను. కరెంటు బిల్లు తెమ్మంటాను. దాని మీద ఎవరి పేరుంది, మే నెలలో ఎన్ని యూనిట్లు కాలింది అన్నవి చూస్తే ఆ ఇంట్లో పని వారంలో అవుతుందా, ఆరు నెలలు పడుతుందా అన్నది తెలిసిపోతుంది.

కొన్నేళ్లుగా విశాఖలో గోపాలపట్నం, పెందుర్తి, గాజువాక, మధురవాడల్లో బంధువులకూ ఇరుగుపొరుగు వాళ్లకూ ఈ పని చేసిపెడుతున్నాను. జనం డబ్బు లేక ఆగిపోతున్నారని చాలామంది అనుకుంటారు. నేను చూసిన ఇళ్లలో డబ్బు వల్ల ఆగినవి తక్కువే. చనిపోయిన తాతగారి పేరు మీద ఉన్న మీటర్ వల్ల, ముందు చేయాల్సిన పని ఆఖర్న చేయడం వల్ల ఆగినవే ఎక్కువ. అందుకే వరుసగా చెబుతున్నాను. ఈ వరుస మార్చకండి.

కావలసినవి

గత పన్నెండు నెలల బిల్లులు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు, ఒక నోటు పుస్తకం. అంతే.

1. వారం రోజులు మీటర్ చదవండి

రాత్రి పదింటికి ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి రీడింగ్ రాసుకోండి. రాత్రి ఎంత కాలుతోందో, పగలు ఎంత కాలుతోందో విడివిడిగా తెలుస్తుంది. తర్వాత ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపి, ప్లగ్గులన్నీ పీకి, మెయిన్ మాత్రం ఆన్‌లో ఉంచి చూడండి. మీటర్ మీద ఎర్ర లైటు ఇంకా మిణుకుతుంటే వైరింగులో ఎక్కడో లీకేజీ ఉన్నట్టు. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పాత ఇళ్లలో ఇది నేను చాలాసార్లు చూశాను.

2. వృథా ఆపాకే సోలార్ సంగతి

ఇక్కడ చాలామంది నాతో వాదిస్తారు. సోలార్ పెట్టాక కరెంటు ఫ్రీనే కదా, ఫ్యాన్లు మార్చడం ఎందుకు అంటారు. లెక్క చూడండి. సూర్యఘర్‌లో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. మూడో కిలోవాట్‌కు వచ్చేది 18 వేలే. మొత్తం 78 వేలు దాటదు. ఒక కిలోవాట్ నుంచి రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 వస్తాయనుకుంటే, నెలకు 350 యూనిట్లు కాల్చే ఇంటికి మూడు కిలోవాట్లు కావాలి. అదే ఇల్లు 240కి దిగితే రెండు చాలు. సబ్సిడీ బాగా దొరికే రెండు కిలోవాట్లతోనే పని అయిపోతుంది.

ఫ్యాన్లతో మొదలుపెట్టండి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు (తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారు ఉన్నది) 30 వాట్లు చాలు. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట్లో నెలకు 65 యూనిట్లు మిగులుతాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం 226 నుంచి 400 వరకు ప్రతి యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు. తగ్గించే యూనిట్లు ముందు ఆ పై శ్లాబులోంచే పోతాయి. అంటే నెలకు 560 రూపాయలకు పైనే మిగులు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి, కాబట్టి షాపులో నక్షత్రాలు చూసి కొనండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ఇది చేయాలి. ఓనర్ మార్చడు, ఎందుకంటే బిల్లు కట్టేది ఆయన కాదు. మీరు మార్చరు, ఎందుకంటే ఇల్లు మీది కాదు. అద్దె ఇళ్లలో ఏ పనీ జరగకపోవడానికి ఇదే అడ్డు. కానీ ఫ్యాన్ విప్పుకుని మరో ఇంటికి పట్టుకుపోవచ్చు కదా.

కూలర్ కొనకండి. అది అనంతపురంలో పనిచేస్తుంది, విశాఖలో పనిచేయదు. మన గాలిలోనే చెమ్మ నిండి ఉంటుంది. కూలర్ ఇంకాస్త చెమ్మ కలిపి ఉక్క పెంచుతుంది. ఆ డబ్బు డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్‌కు పెట్టండి. పైఅంతస్తులో రాత్రి తొమ్మిదింటికి కూడా స్లాబు కింద వేడి దిగుతున్నట్టు ఉంటుంది చూడండి, అది తగ్గుతుంది.

ఏసీ కొనేటప్పుడు లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో చూడండి. ఆ అంకె 1600 గంటల వాడకానికి వేసినది. రాత్రి ఎనిమిది గంటల చొప్పున 200 రాత్రులు అన్నమాట. మీరు అంతకంటే ఎక్కువ వేస్తే అంకె కూడా పెంచుకోండి. 24 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోండి. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు బయట యూనిట్‌కు ఉప్పుగాలి తట్టుకునే కోటింగ్ ఉందో లేదో అడగాలి. లేదంటే లోపలి రేకులను ఉప్పు తినేస్తుంది, తర్వాత ఎన్ని నక్షత్రాలున్నా ఒకటే.

బల్బుల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఈ నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీకి మార్చారు. ఇంట్లో ఇంకా పాత ట్యూబులుంటే ఈరోజే మార్చేయండి.

3. పేరు సరిచేయండి (ఇక్కడ తొందరపడకండి)

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. సోలార్ కంపెనీ వాళ్లు దీని గురించి మాట్లాడరు. వాళ్లకు ఆర్డర్ కావాలి.

సబ్సిడీ దరఖాస్తు కరెంటు సర్వీస్ నంబర్ మీద నడుస్తుంది. ఆ సర్వీస్ ఎవరి పేరున ఉందో వాళ్లే దరఖాస్తుదారు, డబ్బు వాళ్ల బ్యాంకు అకౌంట్‌కే వెళ్తుంది. బిల్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా పోల్చండి. బిల్లు మీద "కె. అప్పలరాజు", ఆధార్‌లో "కండ్రేగుల అప్పల రాజు", బ్యాంకులో "అప్పలరాజు కె" అని ఉంటే మనకు ముగ్గురూ ఒకరే. కంప్యూటర్‌కు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఇంటిపేరు ముందా వెనకా, మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్నది కూడా చూడండి. నేనైతే ఆధార్‌నే అసలుగా పెట్టుకుని మిగతా రెండింటినీ దానికి తగ్గట్టు మార్పిస్తాను. ఆధార్ మార్చబోతే మళ్లీ పాన్, పెన్షన్, రేషన్ కార్డు అన్నీ కదులుతాయి.

మీటర్ చనిపోయినవారి పేరు మీద ఉంటే అసలు పని ఇక్కడే ఉంది. పెందుర్తి వైపు ఒక ఇంట్లో ఏమైందో చెబుతాను. మీటర్ నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. "పేరు తర్వాత మార్చుకుందాం లెండి బాబాయ్, ముందు ప్యానెళ్లు ఎక్కనివ్వండి" అన్నాడు కొడుకు. వెండర్ (ప్యానెళ్లు అమ్మి బిగించేవాడు) కూడా అదే అన్నాడు. నాన్న పేరున్న సర్వీస్ నంబర్‌తో దరఖాస్తు చేసి, బ్యాంకు దగ్గర కొడుకు అకౌంట్ ఇచ్చారు. ప్యానెళ్లు ఎక్కాయి, కరెంటు వస్తోంది, సబ్సిడీ మాత్రం రాలేదు. అప్పుడు పేరు మార్పుకు వెళ్తే, పెళ్లిళ్లై వెళ్లిపోయిన ఇద్దరు అక్కచెల్లెళ్ల సంతకాలు కావాలన్నారు. పెద్దావిడ ఒడిశాలో ఉంటుంది. ఆ సంతకాలు వచ్చేసరికి దసరా వెళ్లి సంక్రాంతి వచ్చింది. ఆ ఏడు నెలలూ అతను 78 వేల రూపాయలకు వడ్డీ కట్టాడు.

కాబట్టి ముందే కూర్చుని ఇవి సిద్ధం చేసుకోండి. మామూలుగా అడిగేవి: మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి కాగితాలు లేదా మీ పేరు మీదకు మారిన ఇంటి పన్ను రసీదు, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని రాసిన పత్రం. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) పన్ను రసీదు కూడా ఇంకా పాత పేరు మీదే ఉంటే అది మొదట, మీటర్ తర్వాత. సంతకాలు పండక్కి అందరూ ఇంటికి వచ్చినప్పుడు పెట్టించుకోండి. ఫోన్లో అడిగితే ఆస్తి పంపకమేమో అని టెన్షన్ పడతారు. ఎదురుగా కూర్చోబెట్టి, ఇది కరెంటు మీటర్ పేరు మార్పుకే, ఇంటిలో వాటాకు దీనికీ సంబంధం లేదని కాగితంలోనే రాసి చూపించండి. అక్కచెల్లెళ్లకు కూడా ఆ మాట కాగితం మీద ఉండటం న్యాయం.

పేరు మారిందని మెసేజ్ వస్తే సరిపోదు. తర్వాతి నెల బిల్లు మీద కొత్త పేరు అచ్చయి రావాలి. ఆ బిల్లు చేతికి వచ్చాకే ముందుకు వెళ్లండి. ఒక నెల ఆలస్యమైనా సరే.

ఇంకో మూడు సంగతులు ఇదే బిల్లు మీద చూడండి. పాత బకాయి ఉందా? ఉంటే కట్టేయండి. ముందు గదిలో కొట్టు పెట్టినప్పుడు మీటర్ కమర్షియల్‌కు మార్చారా? గృహ కేటగిరీ అయితేనే ఈ సబ్సిడీ. కాంట్రాక్టెడ్ లోడ్ (మీ మీటర్‌కు మంజూరైన కిలోవాట్లు) ఎంత? అది తక్కువగా ఉందని భయపెట్టి విడిగా డబ్బులు అడిగేవాళ్లున్నారు. పది కిలోవాట్ల లోపు రూఫ్‌టాప్ సోలార్‌కు సాంకేతిక పరిశీలన అక్కర్లేకుండానే దరఖాస్తు ఆమోదించినట్టు లెక్కగట్టాలని 2024లో కేంద్రం నిబంధన మార్చింది.

అపార్ట్‌మెంట్ వాళ్ల అడ్డు వేరు. డాబా అందరిదీ. అక్కడ ఒక్కరే ప్యానెళ్లు పెడతానంటే గొడవే. అసోసియేషన్ పేరు మీద లిఫ్టుకు, నీళ్ల మోటారుకు, కామన్ లైట్లకు పెట్టించుకోవడం మేలు. దానికి కిలోవాట్‌కు 18 వేల చొప్పున సబ్సిడీ ఉంది. మెయింటెనెన్స్ తగ్గిందని చూశాక మిగతా మాటలు మాట్లాడవచ్చు.

4. దరఖాస్తు, వెండర్, డాబా

పేరు సరైతే మిగతాది తేలిక. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర మన ఏపీఈపీడీసీఎల్, సర్వీస్ నంబర్ ఇచ్చి రిజిస్టర్ అవ్వండి. దీనికి ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. పోర్టల్‌లో నమోదైన వెండర్లలోంచే ఎంచుకోండి, ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. చేతిలో డబ్బు లేకపోతే మూడు కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా 2 లక్షల దాకా బ్యాంకు అప్పు ఇస్తుంది. జన్‌సమర్థ్ పోర్టల్ నుంచి అడగవచ్చు.

వెండర్‌తో నాలుగు మాటలు కాగితం మీద రాయించుకోండి. ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవై ఉండాలి, లేకపోతే సబ్సిడీ రాదు. ఐదేళ్ల మెయింటెనెన్స్ వాళ్లదే. స్టాండు హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసిన) ఇనుముతో చేయాలి. పెయింట్ వేసిన మామూలు ఇనుము ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. నాలుగోది గాలి. హుద్‌హుద్ రోజున ఈ ఊళ్లో డాబాల మీద నీళ్ల ట్యాంకులు ఎగిరిపోవడం చూసినవాళ్లం మనం. స్టాండు ఎంత గాలిని తట్టుకుంటుందో అంకె రాయమనండి. స్లాబుకు రంధ్రాలు వేస్తే అక్కడికక్కడే వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. స్టాండు ఎత్తు పెంచి కింద బట్టలు ఆరేసుకుందామని చాలామంది అడుగుతారు. నేను వద్దంటాను. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది.

ఇంకో అపోహ ముందే తీర్చుకోండి. లైన్‌లో కరెంటు పోతే మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం అయినా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు మీ ఇంటి కరెంటు తగలకుండా దాన్ని అలా తయారుచేశారు. తుపాను రాత్రి ఇంట్లో వెలుగు కావాలంటే బ్యాటరీతో ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ వేరుగా కావాలి.

5. నెట్ మీటర్ నుంచి సబ్సిడీ దాకా

ప్యానెళ్లు ఎక్కాక నెట్ మీటర్ (లైన్ నుంచి మీరు తీసుకున్న కరెంటునూ, మీరు లైన్‌కు పంపిన కరెంటునూ లెక్కపెట్టేది) పెడతారు, తనిఖీ అవుతుంది, పోర్టల్‌లో కమిషనింగ్ రిపోర్టు (సోలార్ పని మొదలుపెట్టిందన్న ధ్రువీకరణ) వస్తుంది. అది వచ్చాకే మీరు లాగిన్ అయి బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు పెట్టాలి. ఈ పని వెండర్ కుర్రాడి చేతికి ఇవ్వకండి. అకౌంట్ నంబర్ మీరే కొట్టి రెండుసార్లు చూసుకోండి. వెండర్‌కు ఆఖరి పది శాతం నెట్ మీటర్ తిరిగాకే ఇవ్వండి.

ప్యానెళ్లు పదిహేను రోజులకోసారి పొద్దున్నే, ఎండ ఎక్కకముందే మెత్తటి గుడ్డతో కడగండి. పోర్టు దగ్గర, గాజువాక వైపు ఉండేవాళ్లు వారానికోసారి. అక్కడ నల్లదుమ్ము ఎక్కువ. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మచ్చలు పడతాయి, కుళాయి నీళ్లు వాడండి.

మొదటి బిల్లులో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రెండు అంకెలూ కనిపించాలి. ఎక్స్‌పోర్ట్ దగ్గర సున్నా ఉంటే అదే రోజు 1912కు ఫోన్ చేయండి. సబ్సిడీ పడినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చేదాకా ఆ ఫైలు బీరువాలోకి వెళ్లకూడదు. ఎదురుగా కనిపించేలా టీవీ పక్కనే ఉంచండి.