చైనా నాయకత్వం అర్థం కావాలంటే 31 పేజీల నోటుపుస్తకం పెట్టండి

2020 ఫిబ్రవరి 13. ఊహాన్‌లో కొత్త వైరస్ విజృంభిస్తున్న రోజులు. ఒక పత్రికలో విదేశీ వార్తల బల్ల దగ్గర పనిచేస్తున్న నా ముందుకు చిన్న వార్త వచ్చింది. ఊహాన్ నగరం ఉన్న హుబేయ్ ప్రావిన్సు బాధ్యతల నుంచి జియాంగ్ చావోలియాంగ్‌ను తప్పించి, షాంఘై మేయరుగా ఉన్న యింగ్ యోంగ్‌ను పంపారన్నది సారాంశం. నేను వెనకాముందూ చూడకుండా ‘హుబేయ్ గవర్నర్ తొలగింపు’ అని శీర్షిక పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే ఒక పాఠకుడు ఫోను చేశారు. ‘గవర్నర్ వాంగ్ షియావోడోంగ్ తన కుర్చీలోనే ఉన్నారు. పోయింది కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి. మీరు చిన్నవాడి పేరు చెప్పి పెద్దవాణ్ణి దాచేశారు’ అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ వారమే రూళ్ల నోటుపుస్తకం ఒకటి కొని 31 పేజీలకు అంకెలు వేశాను. చైనా ప్రధాన భూభాగంలో 22 ప్రావిన్సులు, 5 స్వయంపాలిత ప్రాంతాలు, నేరుగా కేంద్రం కింద ఉండే 4 మహానగరాలు ఉన్నాయి. మొత్తం 31. హాంకాంగ్, మకావ్‌ల ఏర్పాటు వేరు కాబట్టి వాటిని పక్కన పెట్టాను. బీజింగ్‌లో జరిగేదాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. బీజింగ్‌లో పైమెట్టు మీద కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక ప్రావిన్సును ఏలి వచ్చినవాళ్లే. మీరూ ఇలాంటి పుస్తకం పెట్టాలనుకుంటే, నేను నేర్చుకున్న పద్ధతి ఇది.

ప్రతి పేజీలో పైన రెండు గీతలు గీయండి. మొదటి గీత మీద ప్రావిన్సు పార్టీ కార్యదర్శి పేరు, రెండో గీత మీద గవర్నర్ పేరు రాయండి. ఈ వరుస తారుమారు కాకూడదు. మన దేశంలో గవర్నర్ అంటే రాజ్‌భవన్ గుర్తుకొస్తుంది, అసలు పాలన ముఖ్యమంత్రిది. చైనా గవర్నర్ అలాంటి అలంకార పదవి కాదు. బడ్జెట్టు, కార్యాలయాలు, రోజువారీ పాలన ఆయన చేతిలోనే ఉంటాయి. అయినా ఆయన రెండో మనిషే. అధికారుల మీద, విధానం మీద చివరి మాట పార్టీ కార్యదర్శిది. చైనీయులు కార్యదర్శిని ‘యీబాషౌ’ అంటారు, అంటే ‘మొదటి చెయ్యి’. గవర్నర్ సాధారణంగా ఆ పార్టీ కమిటీలోనే ఉప కార్యదర్శిగా ఉంటారు. నగరాల్లోనూ ఇంతే, మేయరు కంటే నగర పార్టీ కార్యదర్శి పెద్ద. స్వయంపాలిత ప్రాంతాల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. టిబెట్, షిన్‌జియాంగ్, ఇన్నర్ మంగోలియా, గ్వాంగ్‌షీ, నింగ్షియాల్లో ప్రభుత్వాధిపతి అక్కడి జాతికి చెందినవారై ఉండాలని రాజ్యాంగం చెబుతుంది. పార్టీ కార్యదర్శికి అలాంటి నియమం లేదు, ఆ కుర్చీలో ఎక్కువగా దేశంలో మెజారిటీ అయిన హాన్ జాతివారే కనిపిస్తారు.

ముప్ఫై ఒక్క పేజీలూ ఒకేసారి నింపాలని కూర్చోకండి, విసుగు పుడుతుంది. ఆరింటితో మొదలుపెట్టండి: బీజింగ్, షాంఘై, టియాన్‌జిన్, చోంగ్‌చింగ్, గ్వాంగ్‌డోంగ్, షిన్‌జియాంగ్. 2022 పార్టీ మహాసభ తర్వాత ఈ ఆరు చోట్ల పార్టీ కార్యదర్శులుగా ఉన్నవాళ్లందరూ పార్టీ అగ్ర నాయకుల మండలి అయిన 24 మంది పొలిట్‌బ్యూరోలో సభ్యులే. మిగతా 25 ప్రావిన్సుల కార్యదర్శులు మంత్రులతో సమానమైన హోదాలో ఉంటారు. ఈ ఆరుగురు అంతకంటే ఒక మెట్టు పైన. అయితే కుర్చీ మారిన రోజే పొలిట్‌బ్యూరో సభ్యత్వం కూడా చేతులు మారుతుందని అనుకోకండి. 2025 జులైలో షిన్‌జియాంగ్‌లో మా షింగ్‌రుయ్ స్థానంలోకి చెన్ షియావోజియాంగ్ వచ్చారు. ఆయన పొలిట్‌బ్యూరో సభ్యుడు కాదు. అందుకే నా పుస్తకంలో కుర్చీ పక్కన ఒక గడి, మనిషి పక్కన ఒక గడి విడివిడిగా ఉంటాయి.

తర్వాత పేజీ మధ్యలో ఆ కార్యదర్శి అంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశారో, ఏ సంవత్సరాల్లో పనిచేశారో, ఎవరి కింద పనిచేశారో రాయండి. ఈ ‘ఎవరి కింద’ అన్న గడి కోసమే నేను ఈ పుస్తకాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. దీని విలువ తెలియాలంటే ముందు షీ జిన్‌పింగ్ పేజీ రాసి చూడండి. 1982లో హెబేయ్ ప్రావిన్సులోని జెంగ్‌డింగ్ జిల్లాకు ఉప కార్యదర్శిగా వెళ్లారు, మరుసటి ఏడాది కార్యదర్శి అయ్యారు. 1985లో ఫుజియాన్‌లోని షియామెన్ నగరానికి ఉప మేయరు, 1988లో నింగ్‌డె, 1990లో ఫుజౌ. ఆ తర్వాత ఫుజియాన్ గవర్నర్. ఒక్క ఫుజియాన్‌లోనే దాదాపు 17 ఏళ్లు గడిపారు. 2002లో జెజియాంగ్ కార్యదర్శి, 2007 మార్చిలో షాంఘై కార్యదర్శి. ఏడు నెలలు తిరక్కుండానే, అదే ఏడాది అక్టోబరులో పొలిట్‌బ్యూరోలోనూ పైమెట్టు అయిన స్టాండింగ్ కమిటీలో సభ్యుడు. 2012 నవంబరులో పార్టీ ప్రధాన కార్యదర్శి.

ఇప్పుడు ఆ ఊర్ల పక్కన, ఆ సంవత్సరాల్లో అక్కడ ఇంకా ఎవరున్నారో రాయండి. జెజియాంగ్‌లో షీ కార్యదర్శిగా ఉండగా ప్రావిన్సు పార్టీ కమిటీ కార్యాలయాన్ని నడిపిన అధికారి లీ చియాంగ్. ఫుజియాన్‌లోనూ, తర్వాత జెజియాంగ్‌లోనూ ఉన్న అధికారి సాయ్ చీ. షాంఘైలోని ఆ కొన్ని నెలలూ షీ పక్కనే పనిచేసినవారు డింగ్ షుయేషియాంగ్. 2022 అక్టోబరు 23న బీజింగ్‌లోని ప్రజా మహాసౌధంలో కొత్త స్టాండింగ్ కమిటీ ఏడుగురూ ఒకరి వెనక ఒకరు నడిచి వస్తుంటే నేను నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని చూశాను. షీ వెనక లీ చియాంగ్, ఆ తర్వాత జావో లెజీ, వాంగ్ హునింగ్, సాయ్ చీ, డింగ్ షుయేషియాంగ్, లీ షీ. ఏడు పేర్లలో మూడు అప్పటికే నా పుస్తకంలో ఒకే పేజీలో ఉన్నాయి. పార్టీ కార్యదర్శికీ గవర్నర్‌కీ తేడా తెలియక తడబడిన నాకు ఆ సాయంత్రం ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ నడకలోని వరుసకు అర్థం ఉంది. రెండో స్థానంలో నడిచిన లీ చియాంగ్ 2023 మార్చిలో ప్రధాని అయ్యారు. జూ రోంగ్‌జీ, వెన్ జియాబావో, లీ ఖచియాంగ్ ముగ్గురూ ఉప ప్రధానులుగా పనిచేశాకే ప్రధానులయ్యారు. లీ చియాంగ్‌కు ఆ అనుభవం లేదు. ఆయన షాంఘై పార్టీ కార్యదర్శిగా ఉండి నేరుగా వచ్చారు. అయితే పేర్ల వరుస ప్రతిచోటా హోదాను చెప్పదు. స్టాండింగ్ కమిటీ జాబితా హోదా ప్రకారం ఉంటుంది. మొత్తం పొలిట్‌బ్యూరో జాబితా మాత్రం ఇంటిపేరులోని చైనా అక్షరానికి ఎన్ని గీతలు ఉన్నాయో లెక్కించి, తక్కువ గీతలున్న పేరును ముందు పెడుతుంది. ఆ జాబితాలో ముందున్నంత మాత్రాన బలవంతుడని రాస్తే పొరపాటే.

పేర్ల దగ్గర ఇంకో జాగ్రత్త. మనలాగే చైనీయులూ ఇంటిపేరు ముందు రాస్తారు. షీ అన్నది ఇంటిపేరు, జిన్‌పింగ్ పెట్టిన పేరు. ఇంగ్లిషు లిపిలో వాళ్లు క్యూ అని రాసింది ‘చ’కు దగ్గరగా, ఎక్స్ అని రాసింది ‘ష’కు దగ్గరగా పలుకుతుంది. పత్రికల్లో ‘లీ కియాంగ్’ అని కనిపించే మనిషీ, ‘లీ చియాంగ్’ అని కనిపించే మనిషీ ఒక్కరే. ఆయనా, 2023 అక్టోబరులో మరణించిన మాజీ ప్రధాని లీ ఖచియాంగ్ మాత్రం వేర్వేరు మనుషులు. ప్రావిన్సుల పేర్లు కలగాపులగం కాకుండా నేను వాటి అర్థాలు నేర్చుకున్నాను. హెనాన్ అంటే నదికి దక్షిణం, హెబేయ్ అంటే నదికి ఉత్తరం. హునాన్ సరస్సుకు దక్షిణం, హుబేయ్ సరస్సుకు ఉత్తరం. షాన్‌డోంగ్ కొండలకు తూర్పు, షాన్షీ కొండలకు పడమర. ఆ షాన్షీ పక్కనే దాదాపు అదే ఉచ్చారణతో మరో షాన్షీ ఉంది. షీ జిన్‌పింగ్ యువకుడిగా పల్లెలో గడిపింది ఆ రెండోదానిలో, లియాంగ్‌జియాహె అనే ఊళ్లో. రాజధాని చూసి గుర్తుపట్టండి. తైయువాన్ ఉంటే మొదటిది, షియాన్ ఉంటే రెండోది.

ఇక ప్రకటనల భాష. చైనా అధికారిక వార్తలో ప్రతి మాటా తూకం వేసి రాసినదే. ఒక ప్రావిన్సు గవర్నర్ మారబోతున్నారని తెలుసుకోవాలంటే ప్రభుత్వ ప్రకటన కోసం ఎదురుచూడకండి, పార్టీ వైపు చూడండి. కొత్త మనిషిని ప్రావిన్సు పార్టీ కమిటీ ఉప కార్యదర్శిగా వేశారని ముందు ఒక చిన్న వార్త వస్తుంది. తర్వాత ప్రావిన్సు ప్రజా కాంగ్రెస్ (అక్కడి చట్టసభ) స్టాండింగ్ కమిటీ ఆయన్ను తాత్కాలిక గవర్నర్ చేస్తుంది. ఆపైన, తరచుగా జనవరిలో, పూర్తి సమావేశం ఓటు వేస్తుంది. నిర్ణయం మాత్రం మొదటి చిన్న వార్తతోనే అయిపోయింది. ప్రావిన్సు నాయకుల నియామకాలను పరిశీలించేది బీజింగ్‌లోని పార్టీ కేంద్ర సంస్థాగత విభాగం.

వెళ్లిపోతున్న మనిషి గురించి ‘మరో బాధ్యత అప్పగిస్తారు’ అన్న మాట ఉందో లేదో చూడండి. ఆ మాట ఉంటే మామూలు బదిలీ కావచ్చు. లేకపోతే ఆ పేరు కింద నేను గీత గీసి, తేదీ వేసి పెడతాను. ‘క్రమశిక్షణను, చట్టాన్ని తీవ్రంగా ఉల్లంఘించారన్న అనుమానం’ అని పార్టీ కేంద్ర క్రమశిక్షణ తనిఖీ కమిషన్ ప్రకటించిందంటే ఆ మనిషి రాజకీయ జీవితం దాదాపు ముగిసినట్టే. కొన్ని నెలలకు ‘షువాంగ్‌కాయ్’ వస్తుంది, అంటే పార్టీ నుంచీ ప్రభుత్వ పదవి నుంచీ రెండు బహిష్కరణలు ఒకేసారి. ఆ తర్వాత కోర్టు. చోంగ్‌చింగ్ పేజీ చూస్తే ఈ వరుస రెండుసార్లు కనిపిస్తుంది. 2012 మార్చిలో బో షీలాయ్‌ను ఆ కుర్చీ నుంచి దించారు, 2013లో యావజ్జీవ శిక్ష పడింది. అదే కుర్చీలోకి వచ్చిన సున్ జెంగ్‌సాయ్‌ను 2017 జులైలో తప్పించారు, 2018లో ఆయనకూ యావజ్జీవమే. షాంఘైలో 2006లో పడిపోయిన చెన్ లియాంగ్‌యూకు 18 ఏళ్ల జైలు. పొలిట్‌బ్యూరోకి దారితీసే కుర్చీలే జైలుకూ దారితీశాయి. కాబట్టి ‘పైకి వస్తాడు’ అని ఎవరి గురించీ సిరాతో రాయకండి, పెన్సిల్ వాడండి.

వయసు లెక్కలు కూడా పెన్సిల్‌తోనే. మహాసభ నాటికి 67 ఏళ్లుంటే ఉంటారు, 68 ఉంటే ఇంటికి వెళతారు అనే ఆనవాయితీ చాలా ఏళ్లు పనిచేసింది. 2022లో 72 ఏళ్ల జాంగ్ యౌషియా, 69 ఏళ్ల వాంగ్ యీ పొలిట్‌బ్యూరోలో ఉన్నారు, 59 ఏళ్ల హు చున్‌హువా బయటికి వెళ్లారు. దేశాధ్యక్షుడికి రెండు పదవీకాలాలే అన్న రాజ్యాంగ పరిమితిని 2018 మార్చి 11న ఎత్తేశారు. అనుకూలంగా 2,958 ఓట్లు, వ్యతిరేకంగా 2. అప్పుడే ఇంకో సంగతి రాసుకోవాల్సింది. ఆ దేశంలో దేశాధ్యక్ష పదవి అన్నింటికంటే బరువైనది కాదు. పార్టీ ప్రధాన కార్యదర్శి, కేంద్ర సైనిక కమిషన్ ఛైర్మన్ పదవుల్లోనే అసలు బలం ఉంది, వాటికి అలాంటి పరిమితి ముందూ లేదు. కుర్చీ చెప్పని అధికారమూ ఉంటుంది. మావో తర్వాత దేశాన్ని నడిపించిన డెంగ్ షియావోపింగ్ 1992 జనవరిలో దక్షిణ నగరాలకు వెళ్లి సంస్కరణలను మళ్లీ పట్టాలెక్కించే నాటికి ఆయన చేతిలో ప్రభుత్వ పదవి గానీ పార్టీ పదవి గానీ లేదు. నా నోటుపుస్తకం పద్ధతి ఆయన ముందు ఓడిపోతుంది, అది ఒప్పుకోవాలి.

పుస్తకాన్ని రోజూ తెరవక్కర్లేదు. జనవరిలో ప్రావిన్సుల సమావేశాలు, మార్చిలో బీజింగ్‌లో జాతీయ ప్రజా కాంగ్రెస్, సాధారణంగా శరదృతువులో పార్టీ కేంద్ర కమిటీ ప్లీనం, అంటే పూర్తి సమావేశం. ఈ మూడు వేళలు చాలు. అయిదేళ్లకోసారి మహాసభ జరుగుతుంది, దానికి ముందు ఏడాదిలో ప్రావిన్సుల మార్పులు ముమ్మరమవుతాయి. ఆ ఏడాది మాత్రం వారానికోసారి చూడండి.

వదంతుల విషయంలో గట్టిగా ఉండండి. 2022 సెప్టెంబరులో బీజింగ్‌లో తిరుగుబాటు జరిగిందని, షీని గృహనిర్బంధంలో పెట్టారని మన ఫోన్లన్నీ మోగిపోయాయి. ఆయన సమర్‌ఖండ్ సమావేశం నుంచి తిరిగొచ్చి కొన్ని రోజులు బయట కనిపించలేదు, అంతే. నేను ఆ రాత్రి నోటుపుస్తకం తీసి చూశాను. ఏ ప్రావిన్సు కార్యదర్శీ మారలేదు, పార్టీ పత్రికల మొదటి పేజీల్లో తేడా లేదు. వార్త వెయ్యలేదు. 27న ఆయన బీజింగ్‌లో ఒక ప్రదర్శనకు వచ్చారు. అలాగని ప్రతి అదృశ్యమూ వదంతి కాదు. విదేశాంగ మంత్రి చిన్ గాంగ్ 2023 జూన్ 25 తర్వాత కనిపించలేదు, జులై 25న పదవి పోయింది. ఒక మనిషి రావాల్సిన సమావేశానికి రాలేదంటే తేదీ రాసుకోండి. ఎందుకు రాలేదో రాయడానికి తొందరపడకండి.

పేజీ కింద మూడో వంతు ఖాళీగా వదలండి. కుర్చీ దిగిపోయినవాళ్ల పేజీలోనూ వదలండి. 2025 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం క్రమశిక్షణ కమిషన్ ప్రకటనలో నాకు బాగా తెలిసిన పేరు కనిపించింది: జియాంగ్ చావోలియాంగ్, హుబేయ్ మాజీ పార్టీ కార్యదర్శి, దర్యాప్తులో ఉన్నారు. అయిదేళ్ల కిందట ఆయన హోదాను నేను తప్పుగా అచ్చు వేయించాను. ఈసారి శీర్షికలో ‘పార్టీ కార్యదర్శి’ అనే రాశాను. తర్వాత హుబేయ్ పేజీ తీసి, ఖాళీ వదిలిన చోట తేదీ వేశాను.